అగ్నిశిఖ అడవిలో ఎలాంటి చోట పెరుగుతుంది? ఏడాదిలో కొన్ని నెలలే కనిపిస్తుందెందుకు?

అగ్నిశిఖ తీగను అడవి నాభి అని కూడా అంటారు. శాస్త్రీయ నామం గ్లోరియోసా సుపర్బా. ఆఫ్రికాలోనూ దక్షిణ ఆసియాలోనూ సహజంగా పెరుగుతుంది. దట్టమైన అడవి లోపల వెతికితే దొరకడం కష్టమే. అడవి అంచులు, చిట్టడవులు, ముళ్లపొదలు, కంచెలు దీనికి ఇష్టమైన చోట్లు. ఎండ తగలాలి, నీరు నిలవకూడదు, పాకడానికి ఆసరా ఉండాలి.

ఆ పాకడం చూడాల్సిందే. ఆకు కొన సన్నని నులితీగలా మారి, పక్కనున్న కొమ్మను చుట్టేసుకుంటుంది. పువ్వు కిందికి వేలాడుతుంది. అంచులు అలలు తిరిగిన 6 రేకలు మాత్రం వెనక్కి మడిచి పైకి లేస్తాయి. మొదట పసుపుపచ్చ, తర్వాత నారింజ, చివరికి ఎరుపు.

వానలు ఆగి నేల ఎండగానే పైన తీగంతా చచ్చిపోతుంది. దుంప మాత్రం మట్టిలో నిద్రపోయి, మళ్లీ వానలకు మొలకెత్తుతుంది. అందుకే ఎండాకాలంలో కనిపించదు.

అందానికి మురిసి దుంప తవ్వకండి. మొక్కంతా విషమే, దుంపలో, గింజల్లో మరీ ఎక్కువ. అందులోని విషపదార్థమైన కాల్చిసిన్‌నే అతి తక్కువ మోతాదులో గౌట్ అనే కీళ్లనొప్పికి డాక్టర్లు వాడతారు. ఇంట్లో ప్రయోగాలు చేస్తే ప్రాణం పోవచ్చు.