క్లెయిమ్‌లో ‘డయాబెటిస్’ కోడ్ ఉంటే నాన్నగారికి షుగర్ ఉన్నట్టేనా?

ప్రశ్న: మా నాన్నగారికి 72 ఏళ్లు. అమెరికాలో మా దగ్గరే ఉంటున్నారు, మెడికేర్ (అక్కడ వృద్ధులకు ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా) ఉంది. హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్‌ను చెప్పే రక్తపరీక్ష) 6.1 వచ్చింది. అయితే ఆన్‌లైన్‌లో ఆయన క్లెయిమ్‌ల వివరాలు చూస్తే ఒక విజిట్‌కు టైప్ 2 డయాబెటిస్ కోడ్ వేసి ఉంది. మందులు మొదలుపెట్టాలా?

జవాబు: ఆ కోడ్‌ను చూసి మందులు మొదలుపెట్టకండి. హెచ్‌బీఏ1సీ 5.7 నుంచి 6.4 వరకు ఉంటే ప్రీడయాబెటిస్ (మధుమేహానికి ముందు దశ) అంటాం, 6.5 లేదా అంతకు మించి వచ్చి, లక్షణాలేవీ లేకపోతే, మరో పరీక్షతో నిర్ధారించుకున్నాకే మధుమేహం అని చెబుతాం.

క్లెయిమ్ అనేది డబ్బు చెల్లింపు కోసం రాసే పత్రం. ఏ జబ్బు పేరుతో చూశారో, ఏ పరీక్ష చేశారో అందులో ఉంటుంది గానీ, సాధారణంగా ఆ పరీక్షలో ఎంత వచ్చిందో ఉండదు. షుగర్ ఉందేమోనన్న అనుమానంతో చేసిన పరీక్షకు కూడా ఒక్కోసారి డయాబెటిస్ కోడే పడిపోతుంది. అందుకే మెడికేర్ క్లెయిమ్‌లతో వృద్ధుల్లో మధుమేహాన్ని లెక్కించేవారు ఒక్క ఔట్‌పేషెంట్ క్లెయిమ్‌ను నమ్మరు. రెండేళ్లలో అలాంటివి కనీసం రెండు ఉంటేనో, ఆసుపత్రిలో చేరినప్పటి క్లెయిమ్ ఒకటి ఉంటేనో ఆ వ్యక్తిని లెక్కలోకి తీసుకోవడం వారు ఎక్కువగా పాటించే పద్ధతి. షుగర్‌కు వాడే మాత్ర మెట్‌ఫార్మిన్ వాడకం ఒక్కటే రుజువు కాదు, ప్రీడయాబెటిస్‌కూ దాన్ని రాస్తాం. లక్షలాది మంది వృద్ధుల్లో కంటి పరీక్ష ఎందరికి జరిగింది, షుగర్ పడిపోయి ఎందరు ఎమర్జెన్సీకి వచ్చారు అన్నది తెలుసుకోవడానికి ఈ సమాచారం ఎంతో విలువైనదని నా దృఢమైన అభిప్రాయం. కానీ అసలు పరీక్షే చేయించుకోనివారు అందులో కనిపించరు. మన ఆరోగ్యశ్రీ ప్రధానంగా ఆసుపత్రిలో చేరి చేయించుకునే చికిత్సలకు ఉద్దేశించినది కాబట్టి, నెలనెలా మందుల షాపులో మాత్రలు కొనుక్కునే పెద్దవాళ్ల మధుమేహాన్ని ఆ క్లెయిమ్‌లతో లెక్కించడం ఇంకా కష్టం.

మీరు డాక్టర్ ఆఫీసుకు ఫోన్ చేసి, ఆ రోజు కోడ్ ఎందుకు వేశారో అడగండి. పొరపాటైతే ప్రీడయాబెటిస్ కోడ్‌గా సరిచేయమనండి, ఎందుకంటే తర్వాత చూసే డాక్టర్లు పాత రికార్డు చూసి అదే రాసుకుంటూ పోతారు. నాన్నగారికి రక్తహీనత గానీ కిడ్నీ జబ్బు గానీ ఉంటే హెచ్‌బీఏ1సీ తప్పుదారి పట్టించవచ్చు. అప్పుడు పరగడుపు షుగర్ కూడా చేయించండి. లేకపోతే ఏడాదికోసారి హెచ్‌బీఏ1సీ సరిపోతుంది.