ముందు ఒక శాఖ పద్దులు చదవండి

ప్రశ్న: పొలిటికల్ సైన్స్‌తో డిగ్రీ చివరి సంవత్సరంలో ఉన్నాను. ప్రభుత్వ యంత్రాంగాన్ని బాగుచేసే పనిలో చేరాలని ఉంది. పబ్లిక్ పాలసీలో పీజీ చేయమంటారా, ఎంబీఏనా?

జవాబు: డిగ్రీ సంగతి తర్వాత. ముందు మీకు ఆసక్తి ఉన్న ఏదో ఒక శాఖ బడ్జెట్ పత్రం తీసుకుని చివరిదాకా చదవండి. పది పేజీలకే నిద్ర వస్తే ఈ రంగం గురించి మళ్లీ ఆలోచించుకోవాలి. సంస్కరణల మాట ఉపన్యాసాల్లో వినిపిస్తుంది కానీ, అసలు పని జరిగేది డబ్బు లెక్కల్లో, ఉద్యోగుల సర్వీసు నిబంధనల్లో.

న్యూజీలాండ్‌నే చూడండి. 1988లో స్టేట్ సెక్టార్ చట్టం తెచ్చి, శాఖాధిపతులను గరిష్ఠంగా అయిదేళ్ల కాంట్రాక్టు మీద పెట్టారు. సిబ్బందిని నియమించుకునే అధికారం వాళ్లకే ఇచ్చారు. మరుసటి ఏడాది పబ్లిక్ ఫైనాన్స్ చట్టం వచ్చింది. అప్పటిదాకా 'దేనికెంత ఖర్చయింది' అని అడిగేవాళ్లు, ఇక 'ఆ డబ్బుతో ఏ సేవ అందించారు' అని అడగడం మొదలుపెట్టారు. లెక్కలూ కంపెనీల్లాగా అక్రూవల్ పద్ధతికి మారాయి, అంటే డబ్బు చేతులు మారినప్పుడు కాక, ఖర్చు గానీ రాబడి గానీ ఏర్పడినప్పుడే రాసుకోవడం. జవాబుదారీతనం పెరిగింది, నిజమే. కానీ ఎవరి శాఖ వారిదే అయిపోయి, నలుగురూ కలిసి చేయాల్సిన పనులు ఎవరికీ పట్టకుండా పోయాయి. చివరికి 2020లో పాత స్టేట్ సెక్టార్ చట్టం స్థానంలో పబ్లిక్ సర్వీస్ చట్టం తెచ్చి, శాఖలు కలిసి పనిచేసే ఏర్పాట్లు చేశారు. 1988 నాటివాళ్లకు తెలివి లేక కాదు. ఒక ముడి విప్పితే ఇంకోటి పడింది, అంతే.

టార్గెట్లదీ అదే కథ. ఇంగ్లండ్ ఆస్పత్రుల్లో ఎమర్జెన్సీకి వచ్చినవారి విషయం నాలుగు గంటల్లో తేల్చాలని నిబంధన పెడితే, ఎదురుచూపులు బాగా తగ్గాయి. కానీ అప్పట్లో రోగి లోపలికొస్తేనే గడియారం మొదలయ్యేది కాబట్టి, కొన్నిచోట్ల అంబులెన్సులోనే ఆపేసేవారు!

ఇక కోర్సు. పేరు చూడకండి, సిలబస్ చూడండి. ప్రభుత్వ అకౌంటింగ్, పరిపాలనా చట్టం, స్టాటిస్టిక్స్ ఉంటే చేరండి. ఎక్కువగా నాయకత్వ లక్షణాల మీదే పేపర్లుంటే నేనైతే వదిలేస్తాను. పీజీ అవగానే కన్సల్టెన్సీకి పరుగెత్తొద్దు. అక్కడ చాలామంది నివేదిక ఇచ్చి వచ్చేస్తారు, తర్వాత అది ఏమైందో చూసే అవకాశం తక్కువ. ఆడిట్ విభాగంలోనో, జనంతో నేరుగా పని ఉండే ఏ ఆఫీసులోనో రెండు మూడేళ్లు గడపండి. జీతం తక్కువని ఇంట్లో టెన్షన్ పడితే ఈ జవాబు చూపించండి.

ఈలోగా ఆ బడ్జెట్ పత్రంలో అర్థం కాని పద్దులన్నీ రాసి పంపండి, అక్కణ్నుంచి మాట్లాడుకుందాం.