కొలంబియా మీద నువ్వు రాసింది చదివాను

తమ్ముడూ,

అమెరికా స్పేస్ షటిల్ కొలంబియా 2003లో అంతరిక్షం నుంచి తిరిగొస్తూ ఏడుగురు వ్యోమగాములతో సహా ఆకాశంలోనే ముక్కలైపోయిన సంగతి మీద నీ వ్యాసం చదివాను. చదివించే గుణం ఉంది నీ రాతలో, అందులో డౌటే లేదు. కానీ మొదటి పేజీలోనే టెర్రరిస్టుల పని కావచ్చు, పిడుగు కావచ్చు, ఉల్క తగిలి ఉండొచ్చు, షటిల్ పాతదైపోయి ఉండొచ్చు, ఫోమ్ ముక్క కావచ్చు అని ఐదు కారణాలు వరసగా పేర్చి, "అసలు నిజం ఎవరికి తెలుసు" అని చేతులు దులిపేసుకున్నావ్ చూడు, అక్కడ మాత్రం నాకు ఒళ్ళు మండింది. 2003 ఫిబ్రవరి 1 పొద్దున ఎవరికీ తెలీదు, నిజమే. ఆగస్టులో దర్యాప్తు రిపోర్ట్ వచ్చేసరికి తెలిసింది కదా. ఇన్నేళ్ళ తర్వాత రాస్తూ నువ్వు ఇంకా ఆ పొద్దుటి దగ్గరే ఉండిపోతే ఎట్లా?

ఊహలు రాయొద్దు అనట్లేదు నేను. ఆ రోజు అందరూ ఊహించారు, ఇంజనీర్లు కూడా. కాకపోతే వాళ్ళు ప్రతి ఊహ పక్కనా "ఇదే నిజమైతే ఇంకా ఏమేం కనపడాలి" అని రాసుకుని, కనపడకపోతే దాన్ని కొట్టేసుకుంటూ పోయారు. నువ్వు రాసుకోవడం వరకే చేశావు, కొట్టెయ్యడం మర్చిపోయావు.

టెర్రరిస్టుల మాటే తీసుకో. ఎందుకొచ్చింది ఆ అనుమానం? షటిల్లో మొదటి ఇజ్రాయెల్ వ్యోమగామి ఇలాన్ రామోన్ ఉన్నాడు, ఇరాక్ యుద్ధం ఇవాళో రేపో అన్నట్టుంది, అందుకని. ఇది రాయాల్సిందే, జనం భయానికి కారణం అది. కానీ ఆ వెంటనే షటిల్ ముక్కలైంది భూమికి దాదాపు 60 కిలోమీటర్ల ఎత్తులో, ధ్వని వేగానికి 18 రెట్ల స్పీడులో అని ఒక్క ముక్క రాస్తే చాలు, భుజం మీద పెట్టుకుని కాల్చే మిసైల్ కథ అక్కడికక్కడే ఆగిపోతుంది. పిడుగు కూడా అంతే, శాన్ ఫ్రాన్సిస్కోలో ఒకాయన తీసిన ఫొటోలో షటిల్ దారి మీద ఊదారంగు గీత కనపడిందని పెద్ద గోల, చివరికి తేలిందేంటంటే లాంగ్ ఎక్స్‌పోజర్లో కెమెరా కదిలిందని.

ఇంక ఫోమ్. నువ్వు దీనికి రెండు లైన్లు ఇచ్చావు, నిజానికి వ్యాసం అంతా ఇక్కడే ఉండాలి. జనవరి 16న లాంచ్ అయిన 82 సెకన్లకి బయటి ఇంధన ట్యాంకు మీద పూతలా వేసే ఫోమ్‌లోంచి ఒక ముక్క ఊడి ఎడమ రెక్కకి తగిలింది, బరువు ముప్పావు కిలో. షటిల్ ప్రోగ్రామ్ మేనేజర్ రాన్ డిట్టెమోర్ ప్రమాదమైన కొద్ది రోజులకే ప్రెస్ ముందు కూర్చుని ఇది అసలు కారణం అంటే నమ్మబుద్ధి కావట్లేదు అన్నాడు. నువ్వేమో దీన్ని "దాచిపెట్టే ప్రయత్నం" అనేశావు. నాకలా అనిపించదు. థర్మోకోల్ లాంటి తేలిక ముక్క రెక్కని చీలుస్తుందంటే నువ్వైనా నమ్ముతావా? ఇక్కడ ఫిజిక్స్ కాస్త తిరకాసు, తేలిక కాబట్టే అది ఊడగానే గాలికి టక్కున స్లో అయిపోయింది, వెనకనుంచి షటిల్ వేగంగా వచ్చి దాన్ని గుద్దింది, గంటకి 700 నుంచి 900 కిలోమీటర్ల మధ్య తేడాతో. ఇది చెప్పకుండా "ఫోమ్ తగిలింది" అని వదిలేస్తే చదివేవాడు కూడా డిట్టెమోర్ లాగే తల అడ్డంగా ఊపుతాడు.

తర్వాత రుజువు ఎలా దొరికిందో రాయి, అదే అసలు కథ. షటిల్ తిరిగొస్తున్నప్పుడు కంట్రోల్ రూమ్‌లో ముందు కనపడింది ఎడమ రెక్కలో నాలుగు టెంపరేచర్ సెన్సర్లు ఒకదాని వెంట ఒకటి చచ్చిపోవడం. వేడి చూపించి కాదు, రీడింగ్ అట్టడుక్కి పడిపోయి, అంటే లోపల వైర్లే కాలిపోతున్నాయి. కొలంబియా 1981లో అంతరిక్షంలోకి ఎగిరిన మొట్టమొదటి షటిల్ కాబట్టి అప్పటి టెస్టుల కోసం పెట్టిన ఒక రికార్డర్ ఇంకా అందులోనే ఉండిపోయింది, అది మార్చిలో టెక్సాస్‌లో హెంఫిల్ ఊరి దగ్గర దాదాపు చెక్కుచెదరకుండా దొరికింది. అందులో ఏ వైరు ముందు తెగింది, ఏది తర్వాత అని వరస పెట్టి చూసుకుంటూ వెళ్తే వేడి ఎక్కడ దూరిందో తేలింది, ఎడమ రెక్క ముందంచున వేడిని ఆపే పలకల్లో 8వది, 8వ ప్యానెల్ అంటారు. ముందు నువ్వు పెట్టిన "పాత షటిల్" మాట దీన్ని చదివాక ఎంత తేలిపోయిందో చూడు, ఆ పాతదనమే సాక్ష్యం ఇచ్చింది. ఆ తర్వాత జులై 7న శాన్ ఆంటోనియోలో నిజమైన రెక్క ప్యానెల్ మీదకి గ్యాస్ గన్‌తో ఫోమ్ ముక్క పేలిస్తే నలభై సెంటీమీటర్లకి పైగా కంత పడింది. చూస్తున్నవాళ్ళు నోరెళ్ళబెట్టారంటే పెట్టరూ మరి!

ఇక్కడితో ఆపితే సగమే. ఎందుకంటే ఫోమ్ ఊడటం కొత్త కాదు, 2002 అక్టోబర్లో కూడా అదే చోటునుంచి ఊడింది, అయినా ఎగరడం ఆపలేదు. ఈసారి కూడా రెండో రోజుకే వీడియో చూశారు, మిలిటరీ వాళ్ళని అడిగి రెక్క ఫొటోలు తీయిద్దామని ఇంజనీర్లు అడిగారు, పైవాళ్ళు వద్దన్నారు. మేనేజర్ల కంప్యూటర్లకి ఒక స్క్రీన్‌సేవర్ పంపారట, 2004 ఫిబ్రవరి 19న స్పేస్ స్టేషన్ భాగం పంపడానికి ఇంకా ఎన్ని రోజులు ఎన్ని గంటలు ఎన్ని సెకన్లు అని లెక్కపెడుతూ. ఆ ఒక్క స్క్రీన్‌సేవర్ గురించి రాస్తే నీ "నిర్లక్ష్యం, అహంకారం" లాంటి మాటలు పది కొట్టేయొచ్చు. ఒక మేనేజర్ని విలన్ చేసి కథ ముగించడం కూడా మానెయ్. ప్రమాదం మీద దర్యాప్తు చేసిన అడ్మిరల్ గేమన్ కమిటీ నాసా సంస్థ అలవాట్లని కూడా ఫోమ్‌తో సమానంగా తప్పుపట్టింది, అది నువ్వు చదివే ఉంటావు, మరి రాయలేదేం?

చివరి పేరాలో కల్పనా చావ్లా ఆఖరి క్షణంలో సొంతూరు కర్నాల్ని తలుచుకుంది అని రాశావు. నీకెలా తెలుసు? తీసెయ్. తిరిగి వస్తున్నప్పుడు కాక్‌పిట్లో తీసిన టేప్ శిథిలాల్లో దొరికింది, ప్రమాదానికి కొన్ని నిమిషాల ముందు ఆగిపోతుంది, అందులో వాళ్ళు గ్లవ్స్ తొడుక్కుంటూ, కిటికీ బయట వెలుగు చూసి మాట్లాడుకుంటూ ఉంటారు. అది రాయి. అట్లాగే మిగతా ఐదుగురి పేర్లు కూడా రాయి, హస్బెండ్, మెకూల్, ఆండర్సన్, బ్రౌన్, క్లార్క్ అని. నీ వ్యాసంలో చావ్లా, రామోన్ తప్ప ఇంకెవరూ లేరు.

టైటిల్లో "మిస్టరీ" అన్నమాట తీసేసి, వ్యాసంలో నువ్విచ్చిన టైమ్‌లు అమెరికా టైమో మన టైమో ఒక్కచోట చెప్పి, వచ్చే ఆదివారం లోపు పంపు. ఈసారి చిన్నగా ఉన్నా పర్లేదు.

మీ అన్నయ్య