వీర్య పరీక్షకు వెళ్లేముందు మేనల్లుడికి

అల్లుడూ, ఆశీస్సులు.

మీ అమ్మ ఫోనులో అంతా చెప్పింది. అమ్మాయికి స్కానింగులు, రక్తపరీక్షలు, చివరికి గర్భనాళాల (ట్యూబుల) పరీక్ష కూడా అయ్యాక ఇప్పుడు నీకు వీర్య పరీక్ష రాశారట. నిజానికి ఇది మొదటి రోజే జరగాల్సింది. పిల్లలు కలగని జంటల్లో ఇంచుమించు సగం మందిలో మగవాడి వైపు కూడా ఏదో ఒక కారణం కనిపిస్తుంది. ఆ పిల్ల ఇన్ని సూదులు ఓర్చుకుంది, నీ పరీక్షకు ఒక్క సూది కూడా అక్కర్లేదు. వాయిదా వేయకు.

ముప్పై ఏళ్లు ల్యాబులో ఈ పనే చేశాను కాబట్టి మొహమాటం లేకుండా రాస్తున్నాను. పరీక్షకు ముందు కనీసం 2 రోజులు, ఎక్కువలో ఎక్కువ 7 రోజులు కలయిక గానీ హస్తప్రయోగం గానీ ఉండకూడదు. ఎన్ని రోజులు ఆగితే అంత మంచిదనుకుని కొందరు నెల రోజులు ఆగి వస్తారు. అప్పుడు వీర్యకణాల సంఖ్య పెరిగినా కదలిక తగ్గుతుంది. నూనె, సబ్బు, ఉమ్మి, మామూలు కండోమ్ ఏవీ వాడకు, అవి కణాలకు హాని చేస్తాయి. ల్యాబులోనే ఇవ్వగలిగితే మేలు. ఇంటి నుంచి తేవాల్సి వస్తే వాళ్లిచ్చిన డబ్బాను చొక్కా లోపల ఒంటికి ఆనించి, అరగంటలో అందేలా చూడు. ఫ్రిజ్‌లో పెట్టకు, ఎండలో బండి డిక్కీలోనూ పెట్టకు.

అన్నిటికంటే ముఖ్యమైనది, ఒక్క చుక్క ఒలికినా చెప్పు. వీర్యకణాలు ఎక్కువగా మొదట వచ్చే భాగంలోనే ఉంటాయి. ఒకతను అదే భాగం ఒలకబోసుకుని, సిగ్గుపడి నోరు విప్పలేదు. సంఖ్య బాగా తక్కువని రిపోర్టు వెళ్లింది. నెల తర్వాత మళ్లీ వచ్చినప్పుడు గుచ్చి గుచ్చి అడిగితే చెప్పాడు. రెండో నమూనా చక్కగా ఉంది. ఆ నెలంతా వాళ్లింట్లో ఎవరూ సరిగా అన్నం తినలేదట. డబ్బా మీద ‘కొంత ఒలికింది’ అని రాసి ఉంటే ఆ నెల వాళ్లకు తప్పేది.

ఇచ్చాక ఏం జరుగుతుందో కూడా చెబుతాను. మొదట గడ్డగా ఉన్న నమూనా అరగంటలో పలచబడుతుంది. దాన్ని మైక్రోస్కోపు కింద పెట్టి, కనీసం 200 కణాలను ఒక్కొక్కటిగా చూసి, ముందుకు ఈదేవి, ఉన్నచోటే కొట్టుకునేవి, కదలనివి అని వేరుచేస్తాం. చలికాలం పొద్దున గాజు పలక చల్లగా ఉంటే చురుకైనవి కూడా మందగిస్తాయి, అందుకే పలకను ముందే వెచ్చబెట్టుకునేవాణ్ణి.

రిపోర్టు చూసి బెదిరిపోకు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 పుస్తకం ప్రకారం కనిష్ఠ హద్దులు ఇవి: పరిమాణం 1.4 మిల్లీలీటర్లు, మిల్లీలీటరుకు కోటీ అరవై లక్షల కణాలు, మొత్తం కదలిక 42 శాతం, సరైన ఆకృతి 4 శాతం. ఆ 4 చూసి మిగతా 96 పనికిరావని ఏడ్చినవాళ్లను చూశాను. ప్రయత్నం మొదలుపెట్టిన ఏడాదిలోపే భార్యకు గర్భం వచ్చిన మగవాళ్ల నమూనాల నుంచి తీసిన అంకెలివి. వాళ్లలోనూ నూటికి అయిదుగురు ఒక్కో హద్దుకు దిగువనే ఉన్నారు. అంకె తగ్గితే డాక్టర్ చెప్పిన వ్యవధికి మళ్లీ పరీక్ష చేయించు. ఒక్క రిపోర్టుతో ఏదీ తేల్చకూడదు.

వీర్యకణం తయారుకావడానికి రెండున్నర నెలలు పడుతుంది. మొన్న నీకు వచ్చిన జ్వరం ఇప్పటి నమూనాలో కనిపించవచ్చు, ఆ సంగతి డాక్టర్‌కు చెప్పు. జిమ్‌లో ఎవరైనా కండల కోసం టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్ ఇచ్చి ఉంటే అదీ దాచకు. అది మగతనానికి మందు అనుకుంటారు గానీ, వీర్యకణాల తయారీనే ఆపేస్తుంది.

అమ్మాయిని వెంట తీసుకెళ్లు. రిపోర్టు ఇద్దరూ కలిసి తీసుకోండి. ఆ సాయంత్రం నాకు ఫోన్ చెయ్యి, ఒక్కో అంకె చదివి వినిపించు. ఎంతసేపైనా కూర్చుంటాను.

మీ మామయ్య