టెక్ సందేహాలు: డెడ్‌లైన్ ముందు మొండికేయని కెమెరా ఏది?

ప్రశ్న: న్యూస్ ఫొటోగ్రాఫర్‌గా ఈ మధ్యే చేరాను. చిన్న మిర్రర్‌లెస్ కెమెరాతో నెట్టుకొస్తున్నా. రాత్రి సభలు, ఆటలు, వానలో ఊరేగింపులు అన్నీ తీయాలి. తీసిన పావుగంటలో డెస్క్‌కి పంపాలి. 45 మెగాపిక్సెల్ కెమెరా కొనమని స్నేహితులు అంటున్నారు. కొనమంటారా?

జవాబు: మెగాపిక్సెళ్ల సంగతి తర్వాత. ముందు కెమెరాకి రెండు మెమరీ కార్డు స్లాట్లు ఉన్నాయో లేదో చూడండి. లేకపోతే అది ఎంత మంచిదైనా మీ పనికి వద్దనే చెబుతాను. ఒకసారి సభలో అసలైన ఘట్టం తీసి ప్లే బటన్ నొక్కితే తెర మీద ‘కార్డ్ ఎర్రర్’ అని పడింది. నాది ఒకే స్లాట్ ఉన్న కెమెరా. కార్డు తీశాను, తుడిచాను, మళ్లీ పెట్టాను. అవతల డెస్క్ నుంచి ఫోన్ మోగుతూనే ఉంది. ఆ ఫొటోలు ఇక దొరకలేదు. ఆ టెన్షన్ మీకొద్దు. రెండు స్లాట్లున్నా మెనూలో ‘బ్యాకప్’ (ప్రతి ఫొటో రెండు కార్డుల్లోనూ పడేది) ఎంచుకోవడం మరవకండి. ‘ఓవర్‌ఫ్లో’లో ఉంటే మొదటి కార్డు నిండేదాకా రెండోది ఖాళీగానే ఉంటుంది.

వార్తలకు 24 మెగాపిక్సెళ్లు చాలు. సోనీ 2023లో ప్రకటించిన ఏ9 త్రీ, కెనన్ 2024లో ప్రకటించిన ఆర్1 ఖరీదైన ప్రొఫెషనల్ కెమెరాలే అయినా ఆ దగ్గరే ఆగాయి. ఫైలు చిన్నదైతే త్వరగా వెళ్తుంది, మీకు కావాల్సింది అదే.

పంపడానికి కెమెరాలోనే ఎఫ్‌టీపీ, అంటే ఫైళ్లను నెట్ ద్వారా నేరుగా డెస్క్ సర్వర్‌కి పంపే సదుపాయం, ఉండాలి. ఫోన్ హాట్‌స్పాట్‌కి కలిపితే ల్యాప్‌టాప్ తెరవకుండానే ఫొటో డెస్క్‌కి చేరుతుంది. రా (సెన్సర్ పట్టిన ముడి ఫైలు), జేపెగ్ (కెమెరా కుదించి ఇచ్చే చిన్న ఫైలు) రెండూ తీయండి, జేపెగ్ మాత్రమే పంపండి. జనం ఎక్కువున్న చోట నెట్‌వర్క్ నత్తనడక నడుస్తుంది కాబట్టి మొదట రెండు మూడు ఫొటోలే వదలండి. ఎక్స్‌పోజర్ (వెలుగు మోతాదు), వైట్ బ్యాలెన్స్ (రంగుల సమతుల్యం) తీసేటప్పుడే సరిచూసుకోండి. రా నుంచి తయారుచేసినవి వద్దు, కెమెరా ఇచ్చిన జేపెగ్‌లే పంపమని వార్తాసంస్థ రాయిటర్స్ 2015లోనే తన ఫ్రీలాన్సర్లకు చెప్పింది.

సైలెంట్ షట్టర్‌ని (చప్పుడు లేకుండా ఎలక్ట్రానిక్‌గా ఫొటో తీసే పద్ధతి) గుడ్డిగా నమ్మొద్దు. ఎల్‌ఈడీ లైట్ల కింద చాలా కెమెరాల్లో ఫొటో మీద చారలు పడతాయి, వేగంగా ఊగే బ్యాట్ వంగినట్టు వస్తుంది. మెకానికల్ షట్టర్ (కదిలే తెరలున్నది) కూడా ఉన్న బాడీ (లెన్స్ లేని కెమెరా) అయితే నిశ్చింత. కొనేముందు అలాంటి లైట్ల కిందే తీసి చూడండి.

బడ్జెట్ మొత్తం బాడీ మీదే పోయకండి. ఎక్కువ వెలుగు లోపలికి రానిచ్చే ఎఫ్2.8 లెన్సులు, 24-70, 70-200 మి.మీ.వి, రాత్రిపూట మిమ్మల్ని కాపాడేవి. వానలో పనికి లెన్స్ మౌంట్ చుట్టూ సన్నటి రబ్బరు రింగు ఉందో లేదో వేలితో తడిమి చూడండి. అది లేకపోతే బాడీకి ఎంత సీలింగ్ ఉన్నా నీళ్లు అక్కడి నుంచే దూరతాయి.

పాత కెమెరా అమ్మకండి, రెండో బాడీగా భుజాన ఉండనివ్వండి. బయల్దేరే ముందు రెండింటి గడియారాలూ ఒకే టైముకి పెట్టుకోండి. లేకపోతే ఏ ఫొటో ముందు, ఏది వెనక అన్నది క్యాప్షన్ రాసేటప్పుడు తేలదు.