కార్డియోజెనిక్ షాక్‌లో ఉన్నవారికి గుండెలో పంప్ పెడితే బతుకుతారా?

మా నాన్నకు పోయినేడు పెట్టారు, బతికారు. కానీ మీరు అడగాల్సింది కాలు గురించి.

ముందు ఈ 'షాక్' అన్న మాట మార్చాలి. డాక్టర్ "షాక్‌లో ఉన్నారు" అనగానే మా మేనత్త "అంతగా ఏం విన్నాడురా?" అని నన్ను నిలదీసింది. గుండె సరిగ్గా కొట్టలేక కిడ్నీలకు, మెదడుకు రక్తం అందట్లేదని ఆవిడకు చెప్పేసరికి అరగంట పట్టింది. నా సంతకానికి ఇచ్చింది రెండు నిమిషాలు.

నాన్నకు పెట్టింది సన్నటి పంప్. గజ్జల్లోని ధమని గుండా పంపి గుండె ఎడమ గదిలో కూర్చోబెడతారు. అక్కడి రక్తాన్ని లాగి బృహద్ధమనిలోకి తోస్తుంది. బీపీ పెరుగుతుంటే అందరం మానిటర్‌కే అతుక్కుపోయాం.

నర్సు మాత్రం పాదం చూసేది. నాడి దొరికిన చోట పెన్నుతో ఇంటూ గుర్తు పెట్టి, గంటకోసారి డాప్లర్ (రక్తం పారే చప్పుడు వినిపించే చిన్న పరికరం) ఆనించి హుష్ హుష్‌మన్న చప్పుడు వినేది. మూడో రాత్రి నన్ను పది నిమిషాలకని లోపలికి పంపారు. ఆమె ఆనించింది, కాస్త జరిపి మళ్లీ ఆనించింది. చప్పుడు లేదు. పాదం పట్టుకు చూశాను, కుడిది చల్లగా ఉంది. పంప్ గొట్టమే ధమనికి అడ్డుపడింది. సర్జన్ వచ్చి కాలి కిందివైపుకు రక్తం వెళ్లేలా ఇంకో చిన్న గొట్టం వేశాక గానీ చప్పుడు తిరిగి రాలేదు.

మా బాబాయి "ఎక్మో పెట్టించండి, అది పెద్దది కదా" అని ఒకటే పోరు. ఎక్మో అంటే రక్తాన్ని బయటికి తీసి, ఆక్సిజన్ కలిపి మళ్లీ ఒంట్లోకి పంపే యంత్రం. పెద్దదైతే మంచిదని ఎవరు చెప్పారు? 2023లో వచ్చిన ట్రయల్‌లో ఎక్మో పెట్టినవారిలోనూ, పెట్టనివారిలోనూ 30 రోజుల్లో చనిపోయినవారు దాదాపు సమానమే. 2012లో బెలూన్ పంప్‌దీ (బృహద్ధమనిలో ఉబ్బుతూ ముడుచుకుంటూ గుండెకు సాయపడే బెలూన్) అదే కథ. నాన్నకు పెట్టినలాంటి పంప్‌తో మాత్రం 2024లో 180 రోజుల మరణాలు 58.5 నుంచి 45.8 శాతానికి తగ్గాయి. కానీ బ్లీడింగ్, డయాలసిస్, కాలికి రక్తం అందకపోవడం పెరిగాయి. అందుకే అంటున్నాను, పెట్టాలా వద్దా అన్నది డాక్టర్లకు వదిలేయండి. "ఎప్పుడు తీస్తారు? పాదం ఎవరు చూస్తున్నారు?" అని మాత్రం రోజూ అడగండి, విసుక్కున్నా సరే.

నాన్న కుడి బొటనవేలికి ఇప్పటికీ స్పర్శ సరిగ్గా లేదు. నడుస్తున్నారు. మేనత్త మాత్రం ఆ రోజు ఏం విన్నాడో చెప్పమని ఇంకా అడుగుతూనే ఉంది.