పచ్చ పురుగుని ఈడ్చుకెళ్ళిన ఆ సన్న నడుము కందిరీగ ఏది?

ప్రశ్న: మొన్న పొద్దున పదకొండింటప్పుడు మా పెరట్లో బెండ మడి పక్కన గట్టి నేల మీద ఒక నల్ల కందిరీగ కనిపించిందండి, నడుము దారంలా ఉంది, పొట్ట మీద ఎర్ర పట్టీ. తనకంటే లావు పచ్చ పురుగుని కాళ్ళ కింద ఇరికించుకుని నడుచుకుంటూ వచ్చి కన్నంలోకి లాగేసి, చిన్న చిన్న రాళ్ళు తెచ్చి మూసేసింది, మధ్యమధ్యలో జుయ్ జుయ్ మని సౌండ్. మా అమ్మమ్మ అనేది, అట్లా ఝుంకారం చేస్తుంటే లోపలి పురుగు కూడా కందిరీగ అయిపోతుందని. నిజమేనా?
— ఒక పాఠకురాలు, ప్రకాశం జిల్లా

జవాబు: ఎంత బాగా చూశారమ్మా! దారం నడుము, ఎర్ర పట్టీ, నున్నటి పురుగు, రాళ్ళతో మూత, ఈ నాలుగూ కలిస్తే అది అమ్మోఫిలా. తుట్టె పెట్టదు, గుంపు ఉండదు, ప్రతి తల్లీ తన గూడు తనే తవ్వుకుంటుంది. మీ అమ్మమ్మగారు చెప్పింది పెద్దలు భ్రమరకీటక న్యాయం అంటారే, అదే. వాళ్ళు చూసింది అబద్ధం కాదు, పురుగు లోపలికి పోయింది, కొన్నాళ్ళకి అదే కన్నంలోంచి కందిరీగ బయటికొచ్చింది. మధ్యలో కనపడనిది గుడ్డు, అంతే.

జరిగేది ఏంటంటే, ముందు గూడు తవ్వి, నోరు తాత్కాలికంగా మూసి, అప్పుడు వేటకి పోతుంది. ఎక్కువగా వెంట్రుకల్లేనివే పడతది, దాసరి పురుగులు, లద్దె పురుగులు లాంటివి. పురుగు కింది వైపు కణుపు కణుపుకీ ఉండే నరాల ముడుల దగ్గర పొడుస్తూ పోతుంది, దాంతో పురుగు చావదు గానీ కదల్లేదు. చచ్చిపోతే కుళ్ళిపోతుంది కదా, బతికుంటే పిల్లకి తాజా తిండి. లోపల పెట్టాక దాని పక్క మీద ఒకే ఒక్క గుడ్డు అంటిస్తుంది, పిల్ల పుట్టి పురుగుని తినేసి పట్టుగూడు అల్లుకుంటుంది.

ఇక ఆ జుయ్ సౌండ్ మంత్రం కాదమ్మా, రెక్కల కండరాల్ని వణికించి ఆ అదురుతో గట్టి మట్టిని వదులు చేస్తుంది, మూసేటప్పుడు తలతో నొక్కి మట్టిని గట్టిపరుస్తుంది. అమెరికాలో కందిరీగల్ని పరిశీలించిన పెక్‌హామ్ దంపతులు ఒక తల్లిని చూశారు, నోట్లో రాయి పట్టుకుని సుత్తిలాగా మట్టిని దిమ్మిస్తోంది, ఆ సంగతి 1898లోనే రాసిపెట్టారు. నాకైతే దీనికన్నా నెదర్లాండ్స్‌లో బేరెండ్స్ అనే శాస్త్రవేత్త 1941లో రాసింది ఇంకా ఆశ్చర్యం. అక్కడి ఒక రకం తల్లి ఒకేసారి రెండు మూడు గూళ్ళు నడుపుతుంది, పొద్దున్నే వెళ్ళి ఒక్కో గూడూ తెరిచి చూసి, ఏ పిల్లకి ఎంత తిండి మిగిలిందో దాన్ని బట్టి ఆ రోజు ఎన్ని పురుగులు తేవాలో తేల్చుకుంటుంది. వేలెడంత లేని ప్రాణి!

ఈసారి కనపడితే గూడు దగ్గర బూడిద రంగు చిన్న ఈగలు తచ్చాడుతున్నాయేమో చూడండి. అవి దాని వెనకే తిరిగి, సందు దొరికితే తమ పిల్లల్ని అందులో వదిలేస్తాయి, అవి ఆ తిండి మొత్తం లాగేసుకుంటాయి. మూత అంత జాగ్రత్తగా పెట్టేది అందుకే.

ప్రశ్న: మా కిటికీ మూల మట్టిగూళ్ళు కట్టేది కూడా ఇదేనా? ఇంట్లో చిన్నపిల్లలున్నారు, మందు కొట్టమంటారా?
— ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: అది దీనికి చుట్టమే గానీ వేరు, గూడు పగలగొడితే లోపల పురుగుల బదులు సాలీళ్ళు ఉంటాయి. మందు వద్దండి. రెండూ గూడు కోసం మీదపడి కుట్టే రకం కాదు, చేత్తో పట్టుకుంటేనో కాలి కింద పడితేనో తప్ప కుట్టవు, మగవాటికైతే కొండే ఉండదు. పిల్లలకి చూపించాలనుంటే పొద్దుగూకేటప్పుడు గడ్డి ఉన్న గట్టుకి తీసుకెళ్ళండి. అమ్మోఫిలాలు గడ్డిపుల్లని దవడలతో కరుచుకుని, ఒంటిని పుల్లలాగా చాపి నిద్రపోతుంటాయి, ఒక్కోసారి ఒకే కాడ మీద నాలుగైదు.